మాట కూడదీసుకోలేని పిల్లల చికిత్స గదిలో తల్లిదండ్రులు ఉండాలా?

మేఘమాల: మా అబ్బాయికి పదిహేనేళ్లు. డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ ఉంది. వినికిడి బాగుంది, తెలివీ బాగుంది. పొడుగాటి వాక్యం మాత్రం సగంలోనే జారిపోతుంది, జరిగింది వరుసగా చెప్పలేడు. ఆందోళన ఎక్కువైందని మానసిక చికిత్సకు తీసుకెళ్తే నన్ను బయట కూర్చోమన్నారు. చివరికి ఫైలులో ‘సహకరించడం లేదు’ అని రాశారు. నేను పక్కనుంటే వాడి మాట నేను చెప్పేదాన్ని కదా! తల్లిని బయట పెట్టడం ఏం న్యాయం?

తెరచాప: నేను కౌన్సెలర్‌ని. ఆ రాత తప్పే. ‘తెలియదు’ అని భుజాలెగరేస్తే చాలాసార్లు అది మొండితనం కాదు, ప్రశ్న అందలేదన్నమాట. బడి పిల్లల్లో దాదాపు 7 శాతం మందికి ఈ సమస్య ఉన్నా మాలో చాలామంది గుర్తుపట్టరు. ‘అలా జరిగి ఉంటే నీకేమనిపించేది?’ అన్న ఒక్క ప్రశ్నలో ఊహ ఉంది, షరతు ఉంది, భావానికి పేరు పెట్టే పనీ ఉంది. ఆలోచనల తీరును, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే సీబీటీ లాంటి చికిత్స పద్ధతి చాలావరకు ఇలాంటి ప్రశ్నల మీదే నడుస్తుంది. అయితే మారాల్సింది కౌన్సెలర్ మాట్లాడే తీరు. ఒకసారికి ఒకే ప్రశ్న అడగాలి, అడిగాక ఆగాలి. జరిగినదాన్ని కాగితం మీద గీసి వరుసలో పెట్టాలి. ‘అర్థమైందా?’ అంటే అందరూ అవుననే అంటారు. ఏం అర్థమైందో పిల్లల చేతే చెప్పించాలి.

మేఘమాల: పదిహేనేళ్లవాడి ముందు బొమ్మలు పెడతారా? వాడికి అవమానం కాదా?

తెరచాప: బొమ్మలు అనలేదండీ. గీతలు, బాణం గుర్తులు.

కొండగాలి: నాకూ గీసి చెబితేనే బుర్రకెక్కుతుంది. వయసుతో పనేముంది?

మేఘమాల: బొమ్మలు వద్దంటే వద్దు. నా ప్రశ్నకు జవాబు రాలేదు.

నీలిసిరా: నేను చెబుతాను. మాట రానివారి చేయి పట్టుకుని టైపు చేయించే పద్ధతి ఒకటి 1990ల మొదట్లో బాగా ప్రచారమైంది. పరీక్షించి చూస్తే ఆ మాటలు పట్టుకున్నవారివేనని తేలింది. 1994లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ దానికి శాస్త్రీయ ఆధారం లేదని ప్రకటించింది. చేయి పట్టుకున్నవాళ్లు కావాలని మోసం చేయలేదు, తమకు తెలియకుండానే రాశారు. అందుకే ‘వాడి మాట నేను చెబుతాను’ అంటే నాకు భయం.

మేఘమాల: కన్నతల్లిని వాళ్లతో పోలుస్తారా? వాడి కనుబొమ్మ కదిలితే నాకు తెలుస్తుంది. మీకు వాడు వారానికోసారి కనబడే కేసు!

తెరచాప: ఆ అబ్బాయి చెప్పదలచుకున్నది మీ గురించే అయితే?

మేఘమాల: నా భయమూ అదే. వాడు సగం చెబితే మిగతా సగం మీరు పూరిస్తారు. ‘అమ్మ తలుపు వేసింది’ అంటాడు. వాడికి చప్పుడు పడదని వేశానో, శిక్షించడానికి వేశానో వాడు విడమరిచి చెప్పలేడు. ఇలాంటి సగం మాట పట్టుకునే బడిలో నన్ను నిలబెట్టి నిందించారు. ఆ రోజు ఎవరూ నా మాట వినలేదు.

దారిపక్క: నాకు పంతొమ్మిదేళ్లు. నాకూ ఇదే సమస్య. అమ్మ పక్కన ఉంటే అమ్మ చెప్పేది. తప్పైనా అవును అనేవాణ్ని. అవును అంటే త్వరగా అయిపోతుంది. అమ్మ లేనప్పుడు కౌన్సెలర్ తప్పుగా అనుకున్నారు. అప్పుడూ అవును అన్నాను. తర్వాత వేరే ఆవిడ. చివర్లో అన్నీ రాసి చదివేవారు. తప్పుంటే నేను కొట్టేసేవాణ్ని. అమ్మకు ఏది చెప్పాలో నేనే గుర్తు పెట్టేవాణ్ని.

మేఘమాల: నువ్వు కొట్టేయగలిగావు, నాయనా. మావాడు కాదు అనడానికే జంకుతాడు.

తెరచాప: అందుకే కావాలనే ఒకటి రెండు తప్పులు రాసి, దిద్దడం ముందు అలవాటు చేయిస్తాం. స్పీచ్ థెరపిస్టు ఇచ్చిన భాషా పరీక్ష నివేదిక ఉందా?

మేఘమాల: ఉంది. ఎవరూ అడగలేదు.

తెరచాప: ఈసారి మొదటి రోజే ఇవ్వండి. కాసేపు లోపలే ఉండి, వాడితో ఎలా మాట్లాడాలో కౌన్సెలర్‌కు చూపించండి. ఆ తర్వాత బయటికి రండి.

మేఘమాల: నివేదిక ఇస్తాను, చూపిస్తాను. బయటికి రావడానికి మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.