మోటర్‌హోమ్ జనరేటర్ ఆయిల్ లీక్: కిందికి దించకుండా బాగుచేయొచ్చా?

టెక్సాస్‌లో ఉంటాం. మా పాత మోటర్‌హోమ్‌లోని (ఇల్లులా వాడుకునే పెద్ద బండి) 4 కిలోవాట్ల పెట్రోల్ జనరేటర్ కింద ఆయిల్ కారుతోంది. ఆపి ఉంచినప్పుడు చుక్క పడదు. పైకప్పు ఏసీ వేసి లోడ్ పడ్డాకే అడుగు ట్రే తడుస్తుంది. డ్రెయిన్ ప్లగ్, ఫిల్టర్ బిగుతుగానే ఉన్నాయి, డిప్‌స్టిక్‌లో ఆయిల్ పై గీత దాటలేదు. బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే దారి) మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి సీల్ దగ్గర కారుతుందట. అదేనా, క్రాంక్‌షాఫ్ట్ సీలే (ఇంజిన్ తిరిగే ఇరుసు చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రింగు) పోయిందా? ఎలా తేల్చుకోవాలి? షాపువాళ్లు జనరేటర్ తలుపు కూడా తీసి చూడకుండా దాన్ని మొత్తం బండిలోంచి కిందికి దించాలన్నారు, కూలి వింటేనే గుండె గుభేల్‌మంది! బ్రీదర్, వాల్వ్ కవర్ గాస్కెట్ (ఇంజిన్ వాల్వుల మీది మూత కింద ఆయిల్ కారకుండా ఉండే పట్టీ) అయితే పక్క తలుపులోంచే మార్చుకోవచ్చా? ఆయిల్ బాగా తగ్గితే ఇంజిన్ దానంతటదే ఆగిపోతుంది, సరే. కానీ కాలే సైలెన్సర్ మీద ఆయిల్ పడుతుందేమోనని నా భయం. సొంతంగా చేసుకున్నవాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి.