అప్‌డేట్ తర్వాత ఫోన్ రూపమే మారిపోయింది, పాతది తెచ్చుకునే దారి ఉందా?

గూడెం_లోడింగ్:

నమస్కారమండి. తాడేపల్లిగూడెంలో లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నడుపుతున్నాను. మాకు ఉల్లిపాయల లోడ్లు ఎక్కువ. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి సరుకు వచ్చి గూడెంలో దిగుతుంది, ఇక్కడి నుంచి మళ్లీ వేరే ఊళ్లకి ఎక్కుతుంది. ఏ బండి ఎక్కడుంది, కాటా అయిందా లేదా, కిరాయి ఎంతకి తెగింది, అంతా ఫోన్ మీదే. టేబుల్ మీద పుస్తకం ఉన్నా అది సాయంత్రం రాసుకోడానికే. పగలంతా నాకు కాల్ లిస్టే పుస్తకం.

నాది ఆండ్రాయిడ్ ఫోన్. ఆగస్టు నెలాఖర్లో ఒక రోజు ఉన్నట్టుండి కాల్ స్క్రీన్ మారిపోయింది. నేను ఏ అప్‌డేటూ నొక్కలేదు, ఫోన్ రీస్టార్ట్ కూడా అవలేదు. ఇదివరకు పైకి జరిపితే కాల్ ఎత్తేది, కిందకి జరిపితే కట్ అయ్యేది. ఇప్పుడు పక్కకి జరపాలట. బొటనవేలు తనంతట తను పైకే పోతుంది, అక్కడ ఏమీ జరగదు, ఇంతలో అవతల డ్రైవరు పెట్టేస్తాడు. రాత్రికి రాత్రి లారీ గేర్ల వరస మార్చేసి పొద్దున్నే తాళం చేతికిచ్చినట్టుంది నా పరిస్థితి.

అంతకన్నా పెద్ద నష్టం కాల్ లిస్టులో జరిగింది. ఒకే డ్రైవరు వరసగా చేస్తే ఇదివరకు ఒకే వరసలో పడేది, పేరు పక్కన ఎన్నిసార్లు చేశాడో అంకె ఉండేది. ఆ అంకె చూసే ఎవరికి అర్జెంటో నాకు తెలిసేది. టైరు పంచరైన వాడు ఆగకుండా చేస్తాడు, అడ్వాన్సు అడిగేవాడు ఒకసారి చేసి ఊరుకుంటాడు. ఇప్పుడు ప్రతి కాలూ విడివిడిగా, ఒక్కొక్కటీ ఒక్కో డబ్బాలో. లిస్టు పైకి తోసుకుంటూ పోవాలి తప్ప ఒక్క చూపులో ఏదీ తెలియదు.

ఇది చాలదన్నట్టు మొన్న సిస్టమ్ అప్‌డేట్ కూడా వచ్చింది. పై నుంచి లాగితే వచ్చే పరదా ఇప్పుడు రెండు ముక్కలైంది. ఎడమ వైపు లాగితే మెసేజ్‌లు, కుడి వైపు లాగితే వైఫై, టార్చి వగైరా. పైగా అంతా అద్దంలోంచి చూస్తున్నట్టు మసక మసకగా, వెనకున్న బొమ్మ అక్షరాల్లో కలిసిపోయి కనిపిస్తోంది. నాకు చత్వారం. ఎండలో యార్డులో నిలబడి చూస్తే ఏదీ ఆనదు. యాప్ బొమ్మల రంగులు పోయి అన్నీ ఒకే రంగులోకి వచ్చేశాయి.

మా ముఠా మేస్త్రిది కూడా ఇలాంటి ఫోనే. ఆయనకి చదువు రాదు. పచ్చ బొమ్మ నొక్కితే ఫోను, పక్కది నొక్కితే వాట్సాప్, అంతే ఆయన లెక్క. ఇప్పుడు అన్నీ బూడిద రంగులో ఉంటే ఏది ఏదో తెలియక ఫోను తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు.

అందం నాకు అక్కర్లేదండి. పాత రూపం తెచ్చుకునే దారి ఉందా? లేకపోతే కనీసం నా కళ్లకీ వేళ్లకీ సరిపడేలా ఏమేం మార్చుకోవచ్చో తెలిసినవాళ్లు చెప్పండి.

కరీంనగర్_మొబైల్_రిపేర్:

అన్నా, మీది రెండు వేరే వేరే సమస్యలు. ఒకటి తేలిక, ఒకటి కష్టం.

ఫోన్ యాప్ సంగతి తేలిక. కాల్ ఎత్తడం వరకే ఇబ్బంది అయితే ఆ యాప్ సెట్టింగ్స్‌లోకి పోయి ఇన్‌కమింగ్ కాల్ జెస్చర్ అని ఉంటది, చూడండి. అందులో పక్కకి జరపడమా, ఒక్క నొక్కుడా అని అడుగుతది. పైకి జరిపే పాత పద్ధతి మాత్రం అందులో లేదు.

మొత్తం పాతదే కావాలంటే ఫోన్ యాప్ బొమ్మను నొక్కి పట్టుకోండి, యాప్ ఇన్ఫో వస్తది. అందులో పైన మూడు చుక్కలు నొక్కితే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఉంటది. అది నొక్కితే ఫోన్ కొన్నప్పుడు ఉన్న వెర్షన్ వస్తది. తర్వాత వెంటనే ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీ తెరిచి, మూడు చుక్కల్లో ఆటో అప్‌డేట్ టిక్ తీసేయండి. ఇది మరిచిపోతే మళ్లీ కొత్తదే దిగుతది.

కానీ ఒక్క మాట గట్టిగా చెప్తున్న. అప్‌డేట్లు తీసేస్తే ఆ యాప్ లోపలి డేటా పోతది, ఫోను కూడా ముందే హెచ్చరిస్తది. కాల్ లిస్టు, నంబర్లు ఎక్కడికీ పోవు, అవి ఫోన్‌లో వేరే చోట ఉంటయి. కాల్ రికార్డింగులు మాత్రం యాప్ లోపలే ఉండొచ్చు. మీరు కిరాయి మాటలు రికార్డు చేసుకునేవాళ్లయితే ముందు అవన్నీ వాట్సాప్‌లోనో డ్రైవ్‌లోనో దాచుకున్నాకే ముట్టుకోండి.

ఇక సిస్టమ్ అప్‌డేట్. దాన్ని వెనక్కి తిప్పుమని మా షాపుకు వచ్చేవాళ్లు చాలామంది. నేను చెయ్యను. ఫోన్ మొత్తం తుడిచి పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి, కొన్ని ఫోన్లలో పాతదాన్ని ఎక్కనివ్వరు కూడా. అందుకోసం బూట్‌లోడర్, అంటే ఫోన్ ఆన్ కాగానే సాఫ్ట్‌వేర్‌ను లేపే ప్రోగ్రాం, దాని తాళం తెరిస్తే బ్యాంకు యాప్‌లు, యూపీఐ పని చేయక మొరాయిస్తయి. మీ వ్యాపారానికి యూపీఐ లేకుంటే ఎట్లా? ఆ జోలికి పోకండి.

పరదా రెండు ముక్కలైంది అన్నరు కదా, దాన్ని కలిపే వీలు కొన్ని ఫోన్లలో ఉంది. కుడి వైపు పరదా లాగి, పైన పెన్సిల్ బొమ్మ నొక్కి, ప్యానెల్ సెట్టింగ్స్‌లో చూడండి. విడివిడిగా, కలిపి అని రెండు ఉంటయి. కలిపి అన్నది పెట్టుకుంటే పాతలాగ ఒక్క లాగుడుతో రెండూ వస్తయి.

నెల్లూరు_పాఠకుడు:

ఓ రెండు వారాలు ఓపిక పట్టండి సార్, అలవాటైపోతుంది. నేనూ మొదట్లో చిరాకు పడ్డాను. ఇప్పుడు పాతది ఎలా ఉండేదో గుర్తు కూడా లేదు.

గూడెం_లోడింగ్:

కరీంనగర్ తమ్ముడికి చాలా థాంక్స్. రికార్డింగుల సంగతి చెప్పడం చాలా మంచిదైంది, నా దగ్గర కిరాయి మాటలు ఉన్నాయి. ముందు అవన్నీ దాచుకుంటాను.

నెల్లూరు సార్, మీ మాట కాదనను. వేలికి అలవాటవుతుంది, అది నేనూ ఒప్పుకుంటాను. లిస్టులో అంకె కనబడకపోవడం అలవాటుతో తీరేది కాదు కదండీ. అక్కడ లేని సమాచారం ఎన్ని వారాలు చూసినా కనబడదు. చత్వారం కూడా రెండు వారాల్లో తగ్గదు. డబ్బు పెట్టి కొన్న వస్తువు, దాని మీద రోజూ సంసారం నడుస్తోంది. మారుస్తున్నాం, మీకు ఇష్టమేనా అని ఒక్క మాట అడిగితే వాళ్లకి పోయేదేముంది? నా బాధంతా అక్కడే.

వైజాగ్_టీచరమ్మ:

అన్నయ్యగారూ, మా అత్తగారికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఆవిడ ఫోన్‌కీ ఇలాంటి అప్‌డేటే వచ్చింది. నేను చేసినవి చెబుతాను, మీ చత్వారానికీ పనికొస్తాయి.

సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది. వైకల్యం ఉన్నవాళ్లకే అనుకుని చాలామంది దాన్ని తెరవరు. ముందు అక్కడ బ్లర్ తగ్గించడం, ట్రాన్స్‌పరెన్సీ తగ్గించడం లాంటి మాట ఏదైనా ఉందేమో వెతకండి. కొన్ని ఫోన్లలో ఉంది, కొన్నింటిలో లేదు. ఉంటే మీరన్న అద్దం మసక పోయి వెనకాల గట్టి రంగు వస్తుంది. తర్వాత బోల్డ్ టెక్స్ట్ వేసుకోండి. హై కాంట్రాస్ట్ టెక్స్ట్ కూడా చూడండి గానీ అది అందరికీ నచ్చదు, అక్షరాల చుట్టూ గీత కడుతుంది. మా అత్తగారు వద్దన్నారు. రిమూవ్ యానిమేషన్స్ మాత్రం తప్పకుండా పెట్టండి. స్క్రీన్ సాగడం, ఎగరడం ఆగిపోతే సగం చిరాకు పోతుంది.

వాల్‌పేపర్ తీసేసి ఒట్టి నలుపో ముదురు నీలమో పెట్టండి. వెనకున్న బొమ్మ అక్షరాల్లో కలుస్తోంది అన్నారు కదా, వెనక బొమ్మే లేకపోతే కలవడానికేమీ ఉండదు. మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ తేడా దీంతోనే వచ్చింది.

యాప్ బొమ్మల రంగు పోవడం థీమ్డ్ ఐకాన్స్ అనే సెట్టింగ్ వల్ల. వాల్‌పేపర్ అండ్ స్టైల్‌లోకి వెళ్లి అది ఆపితే రంగులు తిరిగి వస్తాయి. మీ మేస్త్రిగారికి వెంటనే అది చేసిపెట్టండి. ఇంకొకటి, కాంటాక్ట్స్‌లో ఒక మనిషి పేరు తెరిచి మూడు చుక్కల్లో హోమ్ స్క్రీన్‌కి షార్ట్‌కట్ పెట్టుకోవచ్చు. ఫొటో ఉంటే ఆ ఫొటోతోనే కనబడుతుంది. మా అత్తగారికి ముగ్గురు పిల్లల ఫొటోలూ అలా పెట్టాను. లోపల ఫోన్ యాప్ ఎన్నిసార్లు వేషం మార్చినా ఆ ఫొటోలు ఉన్నచోటే ఉంటాయి.

స్క్రీన్_పనివాడు:

హైదరాబాద్‌లో యాప్ డిజైన్ పని చేస్తాను. మీరు అప్‌డేట్ నొక్కకుండానే ఎలా మారిందో చెబుతాను. కొత్త రూపం కోడ్ అంతా యాప్‌లో ముందే దిగి ఉంటుంది, దాచి ఉంచుతారు. ఒక రోజు కంపెనీ వాళ్లు తమ సర్వర్ నుంచి మీట నొక్కితే మీ ఫోన్‌లో అది బయటికి వస్తుంది. అందుకే మీకు మారిన రోజున పక్కింటాయనకి మారకపోవచ్చు. 2025 ఆగస్టులో మన దేశంలో చాలామందికి కాల్ స్క్రీన్ ఇలాగే మారింది. ఫోన్ హ్యాక్ అయిందని భయపడి అడిగినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు.

లాంచర్ మార్చుకోండి అని ఎవరైనా సలహా ఇస్తారు. లాంచర్ మార్చేది హోమ్ స్క్రీన్‌ని, యాప్‌ల లిస్టుని మాత్రమే. పై పరదా మీదా కాల్ స్క్రీన్ మీదా దానికి అధికారం లేదు. కాల్ లిస్టు నచ్చకపోతే వేరే డయలర్ యాప్ పెట్టుకుని సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ ఫోన్ యాప్‌గా ఎంచుకోవచ్చు. ఒకే మనిషి కాల్స్ కలిపి చూపించేవి ఉన్నాయి. కాకపోతే నంబర్లు, కాల్ లిస్టు చూసే అనుమతి అడుగుతాయి కాబట్టి ఎవరు పడితే వాళ్లు చేసిన యాప్ వద్దు.

మీరు రాయని ఒక ఇబ్బంది అడుగుతాను. అక్షరాల సైజు పెంచాక తెలుగు పేర్ల కింది భాగం తెగుతోందా? కొత్త డిజైన్లు మొదట ఇంగ్లిష్ అక్షరాలు పెట్టుకుని గీస్తారు. మనకి పైన గుడి, కింద వత్తు, వట్రసుడి. వరస ఎత్తు చాలకపోతే కృష్ణలో ణ వత్తు సగమే కనబడుతుంది. అలాంటిది కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి ఆ యాప్ సెట్టింగ్స్‌లోనే ఉండే ఫీడ్‌బ్యాక్‌లో పంపండి. బాగోలేదు అని రాస్తే అది గుంపులో పోతుంది. ఎండలో ఫలానా అక్షరం కనబడటం లేదు, ఫలానా అంకె తీసేయడం వల్ల అర్జెంటు కాల్ తెలియడం లేదు అని రాస్తే ఆ పని చూసేవాడి టేబుల్ మీదకి వెళుతుంది. అవతల కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

జనం గట్టిగా చెబితే వెనక్కి తగ్గిన సందర్భాలు ఉన్నాయి. 2012లో విండోస్ 8లో స్టార్ట్ బటన్ తీసేశారు, 2013 అక్టోబర్‌లో 8.1తో తిరిగి పెట్టారు. 2013 సెప్టెంబర్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 7 వచ్చినప్పుడు ఆ కదలికలకి తల తిరుగుతోందని కొందరు మొరపెట్టుకున్నారు, మరుసటి నెలలోనే 7.0.3తో ఆ కదలికలు తగ్గించుకునే వీలిచ్చారు. 2025లో ఐఓఎస్ 26తో వచ్చిన గాజు రూపం మీద చదవలేకపోతున్నామని గోల వస్తే, 26.1లో ఆ గాజు ముదురుగా చేసుకునే సెట్టింగ్ చేర్చారు. పూర్తిగా పాతది రావడం అరుదు. సెట్టింగ్ రూపంలో దారి ఇవ్వడం మాత్రం తరచుగా జరుగుతుంది.

గూడెం_లోడింగ్:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. రికార్డింగులన్నీ దాచుకున్నాక ఫోన్ యాప్ అప్‌డేట్లు తీసేశాను. పాతది వచ్చింది, పేరు పక్కన అంకె వచ్చింది. ప్రాణం లేచొచ్చిందండి. పరదా కలిసింది, టార్చి మొదటి వరసలోకి తెచ్చుకున్నాను. రాత్రిపూట లోడు తాళ్లు చూడాలంటే నాకు ముందు కావాల్సింది అదే.

టీచరమ్మగారూ, నల్ల వాల్‌పేపర్ పెట్టాక యార్డులో ఎండలో కూడా అక్షరం ఆనుతోంది. మేస్త్రి ఫోన్‌లో రంగులు వచ్చాయి. ఒక్క విషయం మాత్రం కొత్త యాప్‌లో నాకు నచ్చింది, దాన్ని కాదనకూడదు. ముఖ్యమైన వాళ్ల ఫొటోలు తెరవగానే పైనే వరసగా కనబడుతున్నాయి. మేస్త్రికి అది బాగా కుదిరింది. అందుకని ఆయన ఫోన్‌లో కొత్తదే ఉంచాను, ఒక్క నొక్కుతో కాల్ ఎత్తేలా పెట్టాను.

హైదరాబాద్ బాబూ, మీరన్నట్టే వత్తులు తెగుతున్నాయి. నేను డ్రైవర్ల పేర్లు తెలుగులోనే రాసుకుంటాను. అక్షరం ఒక మెట్టు తగ్గిస్తే వత్తు కనబడుతోంది గానీ కళ్లకి కష్టం. స్క్రీన్‌షాట్లు తీసి పంపాను. అంకె సంగతి కూడా వివరంగా రాశాను.

చివరిగా ఒకటి. సిస్టమ్ అప్‌డేట్ మళ్లీ నన్ను అడగకుండా ఎక్కకుండా ఆపొచ్చా?

కరీంనగర్_మొబైల్_రిపేర్:

ఆపొచ్చన్నా. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి పోయి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటయి. అందులో ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్స్ ఆఫ్ చేయండి. అక్కడ ఇంకా చాలా ఉంటయి, వేరే ఏదీ ముట్టకండి. కొన్ని ఫోన్లలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పేజీలో ఆటో డౌన్‌లోడ్ మీట వేరే ఉంటది, అదీ ఆపండి.

కానీ ఎప్పటికీ అట్లనే ఉంచకండి. సెక్యూరిటీ ప్యాచ్‌లు, అంటే దొంగలు దూరే సందులు మూసే చిన్న అప్‌డేట్లు కూడా అదే దారిలో వస్తయి, మీ ఫోన్‌లో కిరాయి డబ్బులు తిరుగుతయి. అప్‌డేట్ వచ్చినప్పుడు దాని సైజు, కింద రాసింది చదవండి. చిన్నది, సెక్యూరిటీ అని ఉంటే లోడింగ్ లేని పూట చూసి ఎక్కించుకోండి. పెద్దది, కొత్త వెర్షన్ అని ఉంటే కొన్ని వారాలు ఆగి, అదే మోడల్ వాడేవాళ్లు ఏమంటున్నరో చూసి అప్పుడు నొక్కండి. ఎక్కించే ముందు రికార్డింగులు మళ్లీ ఒకసారి దాచుకోండి.