చనిపోయిన తండ్రి రహస్యాన్ని కూతురు బొమ్మలు గీసి అచ్చు వేయొచ్చా?

పాత పేజీలు:
అమెరికన్ కార్టూనిస్టు ఆలిసన్ బెక్‌డెల్ కామిక్స్ బొమ్మలతో చెప్పిన గ్రాఫిక్ ఆత్మకథ ‘ఫన్ హోమ్’ (2006) ఇప్పుడే పూర్తి చేశాను. చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, బీచ్ క్రీక్ అనే చిన్న ఊరు. తండ్రి బ్రూస్ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. శవాలకు అంత్యక్రియల ఏర్పాట్లు చేసే కుటుంబ వ్యాపారం కూడా చూసుకునేవాడు. 1980లో కూతురు తాను లెస్బియన్‌నని కాలేజీ నుంచి ఇంటికి ఉత్తరం రాసింది. అప్పుడు తల్లి బయటపెట్టింది, మీ నాన్నకూ మగవాళ్ళతో, తన దగ్గర చదువుకునే కుర్రాళ్ళతో సంబంధాలు ఉన్నాయని. కొద్ది నెలలకే ఆయన రోడ్డు మీద ట్రక్కు గుద్ది చనిపోయాడు, 44 ఏళ్ళకే. అది ఆత్మహత్యేనని కూతురి అనుమానం. రుజువు లేదు.

పుస్తకం నన్ను కదిలించింది. అయినా అడగాలనిపిస్తోంది. జవాబు చెప్పుకోలేని మనిషి గుట్టు ఇలా బయటపెట్టే హక్కు ఆమెకు ఉందా?

గోదారి గట్టు:
లేదనే నా అభిప్రాయం. ఆయన బతికినంత కాలం దాచుకున్న విషయం అది. పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదని మన ఇళ్ళలో అంటారు. అందులో న్యాయం ఉంది, ఎందుకంటే వాళ్ళు తిరిగి మాట్లాడలేరు. పైగా పుస్తకం వచ్చేనాటికి తల్లి బతికే ఉంది, ఇద్దరు తమ్ముళ్ళూ ఉన్నారు.

ఆత్మకథా కామిక్స్‌కు దారి వేసిన జస్టిన్ గ్రీన్‌ను చూడండి. 1972లో తన మతభయాలు, పిచ్చి ఆలోచనలు అన్నీ గీశాడు, కానీ బింకీ బ్రౌన్ అనే పాత్ర పేరు మీద. రచ్చకెక్కింది ప్రధానంగా తన గుట్టే. బెక్‌డెల్ కూడా పేర్లు మార్చి కల్పిత కథగా రాసి ఉండొచ్చు కదా?

మంజీర:
గట్టు గారూ, కల్పిత పాత్రలతో కథ నడపడం ఆమెకు కొత్త కాదు. 1983 నుంచి పాతికేళ్ళు లెస్బియన్ స్నేహితురాళ్ళ గుంపు గురించి కామిక్ స్ట్రిప్ గీసింది. ఆ పని బాగా తెలిసిన మనిషి నాన్న దగ్గరికి వచ్చేసరికి కల్పన వద్దనుకుంది. ఆ ఇల్లు అప్పటికే కల్పన మీద నడిచింది కాబట్టేనని నా నమ్మకం. పాత విక్టోరియన్ భవనాన్ని ఆయన మ్యూజియంలా తీర్చిదిద్దాడు, పిల్లలు అక్కడి సామాన్లు తుడిచి మెరిపించాలి. దాపరికం ఖర్చు వాళ్ళూ కట్టారు. మరి ఆ రహస్యం ఆయనొక్కడిదే ఎలా అవుతుంది?

రెండోది, ఆమె గీసిన పద్ధతి. పుస్తకానికి ఏడేళ్ళు పట్టింది. ప్రతి పాత్ర భంగిమలోనూ తానే నిలబడి ఫొటో తీసుకుని, దాన్ని చూసి గీసేది. అంటే తండ్రి ఎలా కూర్చునేవాడో, చేతులు ఎలా పెట్టేవాడో తన ఒంటితో చేసి చూసింది. తీర్పు చెప్పడానికి ఎవరూ అంత కష్టపడరు.

పుస్తకం నడుమ రెండు పేజీల నిండా ఒకే బొమ్మ ఉంటుంది. పిల్లల్ని చూసుకునే కుర్రాడు హోటల్ గదిలో పడుకుని ఉండగా తండ్రి తీసిన ఫొటో అది. అంచు మీద అచ్చయిన తేదీలో సంవత్సరాన్ని సిరాతో కప్పేసి, నెలను మాత్రం వదిలేశాడు. ఆమె ఆ ఫొటోను, దాన్ని పట్టుకున్న తన వేళ్ళను కూడా కలిపి గీసింది. ఈ సాక్ష్యం నా చేతిలో ఉంది, చూస్తున్నది నేను అని పాఠకుడికి చెప్పేసింది. చిన్నప్పటి డైరీ పేజీలూ అలాగే చూపిస్తుంది. పదేళ్ళ వయసులో ప్రతి వాక్యం మధ్యా ‘అనుకుంటాను’ అని చేర్చేదట, తాను రాసేది నిజమో కాదో నమ్మకం లేక. చావు విషయంలోనూ అంతే. ఆత్మహత్య అని తేల్చేయలేదు, అనుమానాన్ని అనుమానంగానే ఉంచింది. చనిపోయిన మనిషికి ఇవ్వగలిగిన మర్యాద ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

గోదారి గట్టు:
తండ్రి విషయంలో మీ వాదన బలంగానే ఉంది. తల్లి సంగతేంటి? ఆవిడకు ఊళ్ళో ముఖాలు చూడాల్సిన పరిస్థితి. 2015లో ఆ కథే న్యూయార్క్ బ్రాడ్‌వే రంగస్థలం మీద మ్యూజికల్‌గా (పాటల నాటకంగా) వచ్చి, అక్కడి నాటకాలకిచ్చే టోనీ అవార్డులు గెలుచుకుంది. ఆవిడ 2013లోనే పోయారు, లేకపోతే అదీ చూడాల్సి వచ్చేది.

మంజీర:
తల్లి విషయం కష్టమైనదే, తేలిగ్గా దాటలేను. 2012లో వచ్చిన ‘ఆర్ యూ మై మదర్?’ అంతా ఆవిడ గురించే. సొంత సంగతులు బజార్న పెట్టే ఇలాంటి రాతలు ఆవిడకు నచ్చవు, ఆ అయిష్టాన్ని కూతురు పుస్తకంలోనే పెట్టింది. అది చాలా అంటే, ఇష్టం లేని మనిషికి చాలదు. అయినా ఆ రాత ఆగి ఉండాల్సిందని అనలేను.

నీలి సిరా:
ఇంతసేపూ తండ్రి, తల్లి, కూతురు అంటున్నారు. ఆ విద్యార్థుల మాటేంటి? ఆయన టీచరు, వాళ్ళు టీనేజీ పిల్లలు. ఒక మైనర్ కుర్రాడికి బీరు ఇప్పించాడని కోర్టు మెట్లెక్కిన సంగతి కూడా పుస్తకంలో ఉంది. దాన్ని ‘గుట్టు’ అని గౌరవించమంటే నేను ఒప్పుకోను. అది బయటికి రావాల్సిన విషయమే.

మంజీర:
నిజం, సిరా గారూ. పుస్తకంతో నాకున్న పేచీ కూడా అదే. తండ్రి ఒంటరితనానికి ఇచ్చిన చోటు ఆ కుర్రాళ్ళకు దొరకలేదు. హోటల్ ఫొటోలో ఉన్న అబ్బాయి పెద్దయ్యాక ఆ రోజు గురించి ఏమనుకున్నాడో అందులో లేదు. హక్కుల లెక్క తీయాలంటే నేను మొదట అడిగేది అతని వైపు నుంచే.