'గురుత్వ కటకం'లో గాజు ఎక్కడుంది?

సత్యనారాయణపురం, విజయవాడ:
అందరికీ నమస్కారం. ఒక మాట తేల్చి పెట్టాలి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో సైన్స్ చార్టుకు 'గురుత్వ కటకం' ఇచ్చారు. నాకు తెలిసినంతలో చెప్పాను. ఎంతో దూరాన ఉన్న గెలాక్సీ వెలుతురు మన దాకా వచ్చేటప్పుడు మధ్యలో ఇంకో భారీ గెలాక్సీ అడ్డొస్తే, దాని గురుత్వానికి ఆ వెలుతురు దారి వంగుతుంది. అందుకే వెనకున్న గెలాక్సీ మనకు సాగిపోయి, వంకర తిరిగి, ఒక్కోసారి రెండుగా, నాలుగుగా కనిపిస్తుంది. అంతా విని, "కటకం అంటే లెన్స్ కదా నాన్నా, మరి అక్కడ గాజెక్కడుంది?" అంది. నోట మాట రాలేదు. శనివారానికి చార్టు ఇవ్వాలి, నాకు టెన్షన్. దీనికి ఇంకో మంచి తెలుగు మాట ఉందా?

కొత్తపేట, గుంటూరు:
లెన్స్ అని రాసేయండి సార్. పిల్లలకు అదే తెలుసు.

సత్యనారాయణపురం:
లెన్స్ అన్నా అదే ప్రశ్న వేస్తుందండీ. దాన్ని మీరెరగరు.

బ్రాడీపేట, గుంటూరు:
బాబూ, మాట మార్చకు. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, కాస్త ఓపిగ్గా విను. ఇంగ్లీషు లెన్స్‌కు పుట్టుకలో గాజుతో చుట్టరికమే లేదు. లాటిన్‌లో అది మసూరపప్పు పేరు. రెండు వైపులా ఉబ్బిన గాజుబిళ్ల ఆ గింజలా ఉందని అలా పిలిచారు. మన కటకం సంస్కృతం. దానికి కడియం, కంకణం అని అర్థం. సైన్యం విడిదినీ, రాజధానినీ కూడా కటకం అన్నారు, ఒడిశాలోని కటకం పేరు అదే. పక్కనే కూచిపూడి ఉంది, అక్కడ నాట్యం నేర్చుకునే పిల్లనడిగినా 'కటకాముఖం' అనే చేతి ముద్ర పట్టి చూపిస్తుంది.

ఇక గాజు సంగతి. కిటికీకి బిగించే పలకా గాజే, చేతికి వేసుకునేదీ గాజే. బంగారంతో చేయించినా 'బంగారు గాజులు' అనే అంటాం. అంటే గాజు అనే పదార్థం పేరు పోయి కంకణానికి అంటుకుంది. కటకంలో సరిగ్గా దీనికి తిరగబడి జరిగింది, కంకణం పేరు పోయి గాజుబిళ్లకు అంటుకుంది. నాకీ ఎదురుబొదురు ప్రయాణం భలే ముచ్చటగా ఉంటుంది.

పటమట, విజయవాడ:
మాస్టారూ, మీరు తెలిసి అన్నారో తెలియక అన్నారో గానీ అసలు విషయం అక్కడే ఉంది. డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను, ఇది చెప్పకుండా ఉండలేను.

మామూలు కుంభాకార కటకంలో అంచు దగ్గర పడిన కిరణం ఎక్కువ వంగుతుంది, మధ్యలోది నేరుగా పోతుంది. అందుకే కిరణాలన్నీ ఒక బిందువు దగ్గర కలుస్తాయి. గురుత్వం దగ్గర వరస తిరగబడుతుంది. బరువుకు దగ్గరగా వెళ్లిన కిరణం ఎక్కువ వంగుతుంది, దూరంగా వెళ్లింది తక్కువ. కాబట్టి బొమ్మ ఒక చోట కుదరదు. వెనకున్న గెలాక్సీ, మధ్యలోది, మనం సరిగ్గా ఒకే వరసలో ఉంటే వెలుతురు అన్ని పక్కల నుంచీ సమానంగా వంగి వచ్చి, మధ్య గెలాక్సీ చుట్టూ ఉంగరంలా కనిపిస్తుంది. ఐన్‌స్టీన్ వలయం అంటారు. అంటే మసూరగింజ పోలిక ఇక్కడ చెల్లదు, కంకణం పోలిక చెల్లుతుంది! ఇంగ్లీషు మాట కన్నా మన మాటే దీనికి బాగా అతికింది.

నక్షత్రాల మధ్య ఇలాంటిది నేరుగా చూసే ఆశ లేదని 1936లో ఐన్‌స్టీనే రాశాడు. మరుసటేడే జ్విక్కీ అనే ఖగోళ శాస్త్రవేత్త, నక్షత్రాలు కాదు, గెలాక్సీలతో చూడొచ్చన్నాడు. ఆయన మాటే నిలిచింది. 2025 ఫిబ్రవరిలో యూరప్ వాళ్ల యూక్లిడ్ అంతరిక్ష టెలిస్కోపు బృందం వాళ్లు ఎన్‌జీసీ 6505 చుట్టూ ఒక నిండు వలయం చూపించారు. ఆ గెలాక్సీ 59 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. వలయంగా కనిపిస్తున్నది దాని వెనక 442 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఇంకోటి. ముందున్న గెలాక్సీ 19వ శతాబ్దం నుంచీ తెలుసు, దాని చేతికి కంకణం ఉన్నట్టు మాత్రం ఎవరికీ తెలియదు.

తెనాలి:
వలయం ఎందుకండీ, అచ్చ తెలుగులో 'గుడి' అందాం. చంద్రుడి చుట్టూ వస్తే వరదగుడి అంటాం కదా.

పటమట:
మాట బాగుంది. కానీ వరదగుడి పైనున్న మంచు పలుకుల్లో వెలుతురు వంగడం వల్ల వస్తుంది, అది వక్రీభవనం. అందులో రంగులు కాస్త విడిపోతాయి. గురుత్వం ఎరుపునీ నీలాన్నీ రేడియో తరంగాన్నీ ఒక్కలాగే వంచుతుంది. రెంటినీ గుడి అంటే ఆ తేడా పోతుంది.

కొత్తపేట:
పైగా ఐన్‌స్టీన్ గుడి అంటే మావాళ్లు కొబ్బరికాయ పట్టుకెళ్తారు.

బ్రాడీపేట:
వక్రీభవనం అంటే అక్షరాలా 'వంకర కావడం'. ఇక్కడికి అంతకన్నా సరిపోయే మాట లేదు. ఏం లాభం, పాఠ్యపుస్తకాలు దాన్ని ముందే వేరేదానికి ఇచ్చేశాయి.

సత్యనారాయణపురం:
మరి వరస సరిగ్గా కుదరకపోతే?

పటమట:
వలయం ముక్కలవుతుంది. మధ్యలో ఒక్క గెలాక్సీ కాక గుంపు ఉంటే ఇంకా చిత్రం. ఏబెల్ 370 అనే గుంపు ఫొటో మీ అమ్మాయికి చూపించండి, చుట్టూ సన్నటి వంకీలు చిట్లిన గాజుల్లా పడి ఉంటాయి. (విరిగిన అని రాయబోయి ఆగాను, మా ఇంట్లో గాజుల విషయంలో ఆ మాట అననివ్వరు.) కొన్నిసార్లు వంకీలు కూడా ఉండవు, విడివిడి చుక్కలే. పెగాసస్ రాశి వైపున్న 'ఐన్‌స్టీన్ శిలువ'లో ఒకే క్వేజార్, అంటే దూరపు గెలాక్సీ నడిమిన విపరీతంగా వెలిగే కేంద్రం, నాలుగు చుక్కలుగా కనిపిస్తుంది.

మొట్టమొదట 1979లో పట్టుకున్నది రెండు చుక్కల జంట. ఆ రెంటి వర్ణపటాలూ (వెలుతురును రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీలు) అచ్చంగా ఒక్కలా ఉండేసరికి, ఇవి రెండు కాదు, ఒకటే అని అర్థమైంది. ఒక దారి కన్నా రెండో దారిలో వెలుతురు ఇంచుమించు 417 రోజులు ఆలస్యంగా వస్తుంది. విజయవాడ నుంచి గుంటూరుకు ఒక రైలు మంగళగిరి మీదుగా, ఇంకోటి మా తెనాలి వారి ఊరి మీదుగా వెళ్లినట్టు. బయలుదేరింది ఒకే స్టేషన్, ఒకే వేళ, చేరడం మాత్రం వేరు.

తెనాలి:
ఆలస్యం మా మీదుగా వచ్చినదానికే అన్నమాట.

బ్రాడీపేట:
గురుత్వం అన్న మాటనూ వదలొద్దు. ఛందస్సులో సంయుక్తాక్షరం ముందున్న లఘువు, తన తప్పేమీ లేకున్నా గురువైపోతుంది. 'పద్యం'లో 'ప' చూడండి. పక్కవాడి బరువు దీని మీద పడింది. దారినపోయే వెలుతురు గతీ అంతే.

పటమట:
ఇది రేపు క్లాసులో నాదే అని చెప్పేస్తాను మాస్టారూ.

కొత్తపేట:
ఇంట్లో చేసి చూపించేది ఏమన్నా ఉందా మేడమ్? సోడాబుడ్డి కళ్లద్దాలు పనికొస్తాయా?

పటమట:
అవి నిజం లెన్సులు, పనికిరావు. కాడ ఉన్న గాజు గ్లాసు కాడ విరిగితే కింది పాదం మిగులుతుందే, అది కావాలి. మధ్యలో మందంగా ఉండి అంచుకు పోనుపోను పలచబడుతుంది, గురుత్వం చేసే పనికి చాలా దగ్గర. కాగితం మీద చుక్క పెట్టి, పాదాన్ని కాస్త పైకెత్తి పట్టుకుని చూడండి. చుక్క సరిగ్గా నడిమికి వస్తే ఉంగరం, జరిపితే రెండు వంకీలు. విరిగిన అంచుకు మాత్రం టేపు చుట్టండి.

సత్యనారాయణపురం:
చార్టు మీద 'గురుత్వ కటకం' అనే రాస్తున్నాం. కింద బ్రాకెట్లో 'కటకం అంటే కంకణం కూడా' అని అమ్మాయే చేర్చింది. గాజెక్కడ అన్న ప్రశ్న మాని, ఇప్పుడు కాడ ఉన్న గ్లాసెక్కడ అంటోంది. ఇంట్లో ఉన్నవన్నీ స్టీలువే. గవర్నర్‌పేట వైపు వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే, పాత ఫలూదా గ్లాసొకటి చూసిపెట్టండి, డబ్బులిచ్చేస్తాను.