ఇల్లు మారేలోపు డీటీహెచ్ ఆపి పెట్టించడం ఎలా?

కూకట్‌పల్లిలో అద్దె ఇల్లు నవంబరు 20న ఖాళీ చేశాం. విజయవాడలో కొత్త ఫ్లాట్ జనవరి చివరికి గానీ చేతికి రాదు. ఈలోగా అత్తగారింట్లో ఉంటున్నాం, అక్కడ కేబుల్ ఉంది. డిష్ విప్పించి, సెట్‌టాప్ బాక్స్‌తో పాటు అట్టపెట్టెలో సర్దేశాం. అయినా బ్యాలెన్స్‌లోంచి రోజుకు 13 రూపాయలు కట్ అవుతూనే ఉన్నాయి. ఏడాదికి సరిపడా ఒకేసారి రీఛార్జ్ చేసిన డబ్బు, చూడకుండానే పోతుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

యాప్‌లో ‘రీలొకేషన్’ ఒక్కటే కనిపిస్తోంది. అది ఇప్పుడే కొత్త అడ్రస్, ఫిట్టింగ్ తేదీ అడుగుతోంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే మధ్యలో ఆపడం కుదరదన్నారు. టెలికాం, టీవీ సేవల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 నిబంధనల్లో తాత్కాలికంగా ఆపించుకునే వీలుంది కదా అంటే, తమ సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదన్నారు. ఫిర్యాదు నంబరు కూడా ఇవ్వలేదు.

బ్యాలెన్స్ పోకుండా ఇలా ఆపించుకున్నవాళ్లు ఎవరికి, ఏమని రాసి పని చేయించుకున్నారు?