‘భ్రూణహత్య’ అనే మాట ఎక్కడ తగును? గర్భస్రావం, గర్భవిచ్ఛిత్తి పదాలపై చర్చ

ప్రశ్న: విశాఖపట్నంలో మేము కొందరం కలిసి మహిళలకు గర్భం తొలగింపు చట్టాన్ని వివరించే కరపత్రం రాస్తున్నాము. ఘోషాసుపత్రికి వచ్చే పాతనగరం, గాజువాక, మధురవాడ మహిళలే మా పాఠకులు. చిత్తుప్రతిలో ఒకే విషయాన్ని ఒకరు ‘గర్భస్రావం’ అనీ, ఒకరు ‘గర్భవిచ్ఛిత్తి’ అనీ, మరొకరు ‘భ్రూణహత్య’ అనీ రాశారు. ఏది ఉంచాలో పెద్దలు చెప్పగలరు.

సమాధానం: ముందుగా ‘భ్రూణహత్య’ను తీసివేయమని కోరుతున్నాను. గర్భంలోని పిండానికి పుట్టిన మనిషితో సమానమైన స్థానం ఉన్నదా లేదా అన్నదే అసలు వివాదం కాగా, వాదన మొదలు కాకముందే ‘హత్య’ అన్న పదం తీర్పు చెప్పేస్తుంది. చట్టం తెలుసుకుందామని కరపత్రం చేతిలోకి తీసుకున్న స్త్రీని మొదటి వాక్యంలోనే హంతకురాలిని చేయడం అన్యాయం.

ఆ పదం వెనుక ఉన్న చరిత్ర కూడా బరువైనది. ‘భ్రూణోఽర్భకే స్త్రైణగర్భే’ అని సంస్కృత నిఘంటువు అమరకోశం పసిబిడ్డకూ గర్భస్థపిండానికీ ఒకే పేరు పెట్టింది. భ్రూణఘ్నుని (భ్రూణాన్ని చంపినవాని) పాపం అథర్వవేదంలోనే కనిపిస్తుంది. ధర్మసూత్రాలు వేదవిదుడైన బ్రాహ్మణుని చంపినవానికీ ఇదే పేరు వాడాయి. ఇది మొదటినుంచీ మహాపాపాలను లెక్కించేవారి మాటే గాని వైద్యుల మాట కాదు.

వైద్యులు వేరే మాటలు ఏర్పరచుకున్నారు. నాలుగో నెల వరకు పోయేదానిని ప్రాచీన వైద్యగ్రంథమైన సుశ్రుతసంహిత స్రావంగా (కారడంగా) చెప్పి, ‘తతః స్థిరశరీరస్య పాతః పంచమషష్ఠయోః’ అంటూ శరీరం గట్టిపడ్డాక అయిదు, ఆరు నెలల్లో జరిగేదానిని పాతం (పడడం) అన్నది. నాలుగో నెలలో హృదయంతో పాటు చేతన వ్యక్తమవుతుందనీ, అందుకే అప్పుడు ఆమెను రెండు హృదయాలు గల ‘దౌహృదిని’ అంటారనీ ఆ గ్రంథమే చెబుతుంది. (నేడు మనం తోడ్పాటు అనే అర్థంలో వాడే ‘దోహదం’ మొదట గర్భిణి కోరికకు పేరు.) అయితే కారడం, పడడం రెండూ తమంతట తాము జరిగేవి. కాబట్టి కావాలని చేయించుకున్నదానికి ‘గర్భస్రావం’ అని మాత్రమే రాస్తే, బిడ్డ నిలవక దుఃఖపడుతున్న తల్లినీ, నిర్ణయం తీసుకుని వైద్యుని దగ్గరకు వెళ్లిన స్త్రీనీ ఒకే గాటన కట్టినట్లవుతుంది.

మన వాడుక తెలుగు ఈ పొరపాటు చేయదు. ‘కడుపు పోయింది’ అంటే ఒక అర్థం, ‘కడుపు తీయించుకుంది’ అంటే మరొక అర్థం. క్రియ మారగానే ఎవరి ప్రమేయం ఎంతో తెలిసిపోతుంది. ఇంకొకటి కూడా గమనించాలి. తొలి నెలల్లో మనం ‘నెల తప్పింది’, ‘నీళ్లోసుకుంది’, ‘ఒట్టి మనిషి కాదు’ అంటూ ఆమెను గురించే మాట్లాడతాము, ‘బిడ్డ కదిలిందా?’ అని అడగడం తరువాతి సంగతి. 1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షనులోనూ ఈ తేడా ఉన్నది: తల్లి ప్రాణం కాపాడడానికి సద్భావంతో కాక గర్భస్రావం కలిగిస్తే మూడేళ్ల వరకు శిక్ష, కడుపులో కదలిక తెలిశాక అయితే ఏడేళ్ల వరకు. 2024 జూలై నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షను కూడా దీనిని నేరమన్నదే గాని హత్య అనలేదు.

కనుక శీర్షికలో, కావాలని గర్భాన్ని తొలగించడమనే అర్థమిచ్చే ‘గర్భవిచ్ఛిత్తి’ అని రాసి, వెంటనే ‘చట్టప్రకారం కడుపు తీయించుకోవడం’ అని వివరించండి. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టానికి 2021లో జరిగిన సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం, నియమాలలో పేర్కొన్న వర్గాల స్త్రీలకు 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరి అభిప్రాయం అవసరం. ఆపైన పిండంలో తీవ్రమైన వైకల్యం ఉన్నదని వైద్యమండలి నిర్ధారించాలి. ‘వివాహిత’ అన్న పదం ఎక్కడైనా ఉంటే కొట్టివేయండి. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఈ విషయంలో అవివాహితలను వేరుచేయరాదని తీర్పు చెప్పింది.

మరొక సభ్యుని అభ్యంతరం: గర్భం నిలిచిన క్షణం నుంచే అది ప్రాణి అని నమ్మే మావంటివారికి ‘విచ్ఛిత్తి’ జరిగినదానిని కప్పిపుచ్చే పదంగా తోస్తుంది. ‘సచేతనం చ శస్త్రేణ న కథంచన దారయేత్’ (ప్రాణమున్న పిండాన్ని శస్త్రంతో ఎంతమాత్రం చీల్చరాదు) అన్నది కూడా సుశ్రుతుడే కదా, అయ్యా. ఆడపిల్ల అని తెలిసి తీసివేయడాన్నయినా మీరు హత్య అనరా?

సమాధానం: మీ నమ్మకాన్ని గౌరవిస్తాను, దానిని మీ పేరుతో వ్యాసంగా రాస్తే ‘హత్య’ అని రాయడానికి మీకు పూర్తి హక్కు ఉన్నది. చట్టాన్ని వివరించే కరపత్రానికి ఆ హక్కు లేదు. మీరు చూపిన శ్లోకం తరువాతి పాదాలలో కారణం కూడా చెబుతుంది: చీలిస్తే అది తల్లినీ తననూ చంపుతుంది. అక్కడ తల్లి ప్రాణమే ముందు వచ్చింది.

ఆడపిల్లల విషయంలో నాకూ మీకున్నంత ఆవేదన ఉన్నది. అయితే 1994 చట్టం నిషేధించినది లింగనిర్ధారణను. అక్కడి తప్పు ఆడపిల్లను ఆడపిల్ల అయినందుకే వద్దనుకోవడం. ‘ఆడ భ్రూణహత్య’ అన్న సమాసంలో ఆ తప్పు చేసినవారెవరో కనిపించరు, నింద మాత్రం కడుపు మోసినామె మీద పడుతుంది. ‘తీయించుకుంది’ అనవలసిన చోటు, ‘తీయించారు’ అనవలసిన చోటు వేరు. అత్తవారు స్కానింగు చేయించి బలవంతపెట్టి ఉంటే, ‘ఆడపిల్ల అని తెలిసి కోడలికి కడుపు తీయించారు’ అనే రాయండి.