పెరటి మట్టిలో బయటపడిన ఈ నల్లని సన్నని జీవి ఏమిటి?

ముమ్మిడివరం పెరడు:
అందరికీ నమస్కారం. మాది ముమ్మిడివరం దగ్గర ఒక పల్లె. అరటి పిలకలను వేరుచేసి ఇంకోచోట నాటుదామని నూతిగట్టు వెనుక తవ్విస్తుండగా, ఎప్పుడో పూడ్చిన కొబ్బరి డొక్కలు మాగి నల్లబడిన మట్టిలోంచి ఒక సన్నని జీవి బయటపడింది. పొడవు సుమారు 13 సెంటీమీటర్లు ఉంటుంది, లావు పెన్ను రీఫిల్‌కు మించదు. ముదురు గోధుమ రంగులో, దాదాపు నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. తల ఎటో, తోక ఎటో ఎంత చూసినా తేలడం లేదు. మొదట వానపామే అనుకున్నాము గాని, పార అంచుతో కదిపితే ముడుచుకోకుండా చకచకా మెలికలు తిరుగుతూ మట్టిలోకి దూరిపోవాలని చూసింది. పనిచేస్తున్నవారు కట్లపాము పిల్ల అన్నారు, పక్కింటి పెద్దాయన రెండు తలల పాము అన్నారు. పిల్లలు తిరిగే పెరడు కనుక నిర్లక్ష్యం చేయలేను, అలాగని అదేమిటో తెలియకుండా చంపడానికీ మనసు ఒప్పడం లేదు. ప్రస్తుతానికి కాస్త తడిమట్టి వేసిన గాజు సీసాలో ఉంచి, మూతకు కన్నాలు పెట్టాను. ఏ గుర్తులు చూడాలో తెలిసినవారు చెప్పగలరు.

పాలకొల్లు రైతు:
మా చేలో దుక్కి దున్నినప్పుడు, కంద తవ్వినప్పుడు ఇలాంటివి చాలాసార్లు కనిపించాయి. ముందుగా అది వానపామా కాదా తేల్చుకోండి. వానపాము ఒంటి నిండా ఉంగరాల్లాంటి గీతలు ఉంటాయి, ఎదిగినదైతే ఒకవైపు లేతరంగు పట్టీ కనిపిస్తుంది, కదిలేటప్పుడు ఒళ్లు సాగి మళ్లీ కురచవుతుంది, చర్మం ఎప్పుడూ జిగటగా తడిగా ఉంటుంది. మీరు చెప్పినదాంట్లో ఇవేవీ లేవు.

రాజోలు మాస్టారు:
సీసాలో పెట్టి మంచి పని చేశారు. గుర్తు తేలే వరకు చేత్తో పట్టుకోవద్దు. జీవశాస్త్రం చెప్పేవాడిగా కొన్ని సంగతులు వివరంగా రాస్తాను, సీసాను పైకెత్తి కింది నుంచీ పక్కల నుంచీ చూస్తూ సరిపోల్చుకోండి.

మన డెల్టా మట్టిలో సన్నగా, పాకుతూ కనిపించి మనల్ని తికమకపెట్టేవి ముఖ్యంగా నాలుగు రకాలు. మొదటిది వానపాము, దాని సంగతి పైన రైతుగారు చెప్పారు. రెండవది నలికండ్లపాము. అది నిజానికి పాము కాదు, బల్లుల వంశానికి చెందినది. పరుగెత్తేటప్పుడు కాళ్లు ఒంటికి అతుక్కుని కనబడవు గాని, నిదానంగా చూస్తే నాలుగు చిన్న కాళ్లు తప్పక కనిపిస్తాయి. మూడవది కట్లపాము వంటి విషసర్పాల పిల్ల. నాలుగవది గుడ్డిపాము.

చివరి రెండింటినీ విడదీయడానికి అన్నిటికన్నా నమ్మకమైన చోటు పొట్ట. సాధారణంగా పాముల పొట్ట కింద ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా వెడల్పాటి పలకల్లాంటి పొలుసులు ఒకే వరుసలో ఉంటాయి. గుడ్డిపాముకు అవి ఉండవు. వీపు మీద ఎంత చిన్న పొలుసులు ఉంటాయో పొట్ట కింద కూడా అంతే చిన్నవి ఉంటాయి, ఒంటి చుట్టూ లెక్కపెడితే 20 వరుసలు వస్తాయి. కట్లపాము పిల్ల పుట్టుకతోనే 25 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, నల్లని ఒంటి మీద సన్నని తెల్లని అడ్డకట్లు కనిపిస్తాయి, తల మీద కళ్లు మామూలు చూపుకే ఆనతాయి. గుడ్డిపాముకు కళ్ల స్థానంలో పొలుసుల కింద రెండు నల్లని చుక్కలు మాత్రమే ఉంటాయి. తోక చివర చిన్న ముల్లు వంటి మొన ఉంటుంది. భూతద్దం దొరికితే ఈ గుర్తులన్నీ చూసి రాయండి.

ముమ్మిడివరం పెరడు:
మా అబ్బాయి బడికి తీసుకెళ్లే భూతద్దంతో చూశాము. సీసా గోడకు ఆనుకుని ఉన్నప్పుడు పొట్ట భాగం బాగా కనిపించింది, పలకలు లేవు, పైనా కిందా ఒకే తీరు పొలుసులు. రంగు మాత్రం కింద కొంచెం లేత. ఒక కొసన, అంచుకు దగ్గరగా, రెండు చుక్కలు మసకగా కనిపించాయి. అదే కొస నుంచి దారం ముక్క కంటే సన్నని నాలుక బయటికి వచ్చి వెంటనే లోపలికి పోయింది, అలా మళ్లీ మళ్లీ చేసింది. రెండో కొస కాస్త మొద్దుగా ఉండి, దాని చివర ముల్లు ఉంది. కొబ్బరి ఈనెతో నెమ్మదిగా తాకితే ఆ ముల్లును ఈనెకు నొక్కిపెట్టి పట్టు దొరకబుచ్చుకోవాలని చూసింది. తెల్లని కట్లు ఒక్కటీ లేవు, కాళ్లూ లేవు.

రాజోలు మాస్టారు:
ఇక సందేహం అక్కరలేదు, అది గుడ్డిపామే. శాస్త్రీయనామం ఇండోటిఫ్లాప్స్ బ్రామినస్. దానికి విషం లేదు. పళ్లు పైదవడకే ఉంటాయి, నోరు ఎంత చిన్నదంటే మనిషిని కరవడం దానికి సాధ్యం కాదు. ముల్లుతో నొక్కినా చర్మం చీరదు. పట్టుకుంటే దుర్వాసన గల ద్రవం వదులుతుంది, దాని రక్షణ అంతవరకే. చీమల, చెదపురుగుల గుడ్లూ పిల్లపురుగులూ దాని ఆహారం. మాగిన డొక్కల మధ్య చెదలు చేరతాయి కనుక అది అక్కడ దొరకడంలో ఆశ్చర్యం లేదు.

దీనికి మన ఆంధ్ర తీరంతో పాత సంబంధమే ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో విశాఖపట్నంలో ఉంటూ పాములను సేకరించిన ప్యాట్రిక్ రసెల్ దీన్ని వర్ణించి, బొమ్మ వేయించాడు. ఆ వర్ణన ఆధారంగానే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాన్ 1803లో దీనికి శాస్త్రీయనామం పెట్టాడు. అయితే దీనిలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునే విషయం వేరే ఉంది. వీటిలో మగవి లేవు. దొరికినవన్నీ ఆడవే, జతకట్టకుండానే గుడ్లు పెడతాయి, ఆ గుడ్ల నుంచి మళ్లీ ఆడవే పుడతాయి. ఇతర పాములలో అరుదుగా ఒకటి రెండు సందర్భాల్లో ఇలా జరిగినట్టు తెలిసినా, జాతి మొత్తం ఈ పద్ధతి మీదే నడుస్తున్న పాము లోకంలో ఇదొక్కటే. అందుకే ఒక్క పాము ఏదైనా మొక్క వేరుమట్టిలో కొత్త దేశానికి చేరితే చాలు, అక్కడ దాని సంతతి మొదలవుతుంది. హవాయి దీవులకూ, అమెరికాలోని ఫ్లోరిడాకూ అలాగే చేరింది.

కడియం మొక్కలు:
మాస్టారు చెప్పినది మా పనిలో నిత్యం చూసేదే. కడియం, కడియపులంక, వేమగిరి వైపు నర్సరీల్లో కుండీలు మార్చేటప్పుడు వేరుముద్ద అడుగున ఇవి కనిపిస్తాయి. నేల మీద నేరుగా పెట్టిన కుండీలోకి నీరు పోయే కన్నం గుండా దూరతాయి, అంతకుముందు ఆ కుండీలో చీమలు గూడు కట్టి ఉంటాయి. ఇంట్లో కుండీలు పెట్టుకునేవారు వాటిని ఇటుకల మీదో ఇనప స్టాండు మీదో ఎత్తుగా పెడితే ఇవి చేరడం బాగా తగ్గుతుంది. కొత్త మొక్క కొన్నప్పుడు కవరు చింపి, వేరుముద్దను ఒకసారి పళ్లెంలో పెట్టి చూసి నాటుకోవడం మంచిది. గుడ్డిపాము కోసం కాదు, దానితో ఏ బెంగా లేదు. నత్తలూ వేరు పురుగులూ కూడా అదే దారిన వస్తాయి, నష్టం చేసేవి అవి.

అమలాపురం గృహిణి:
వానలు పడినప్పుడల్లా మా స్నానాల గదిలో నీళ్లు పోయే తూము దగ్గర ఇవి కనిపిస్తున్నాయి. నిద్రలో చెవిలో దూరుతాయని మా అత్తగారు భయపడి, కనిపించిన ప్రతిసారీ కిరోసిను పోయమంటారు. అది నిజమేనా? అసలు వానాకాలంలోనే ఎందుకు పైకి వస్తాయి?

రాజోలు మాస్టారు:
అమ్మా, మన డెల్టాలో వర్షాలకు నేలలోని నీరు పైకి వచ్చి, మట్టిలోని సందులన్నీ నిండిపోతాయి. అప్పుడు ఊపిరి కోసం, పొడిచోటు కోసం అవి పైకి వస్తాయి, తూముల గుండా ఇంట్లోకి చేరతాయి. వెలుతురు వాటికి గిట్టదు, చెమ్మ లేకపోతే ఎక్కువసేపు బతకలేవు. మనిషి చెవి కోసం వెతుక్కుంటూ రావలసిన అవసరం వాటికి లేదని అత్తగారికి నిబ్బరంగా చెప్పండి. తూముకు సన్నని జాలీ బిగించండి, లోపలికి వచ్చినదాన్ని చీపురుతో చేటలోకి ఎత్తి పెరట్లో చెమ్మగా ఉన్నచోట వదలండి. కిరోసిను పోస్తే ఆ పాముతోపాటు ఆ నేలలోని వానపాములూ పోతాయి.

పాలకొల్లు రైతు:
కిరోసిను సంగతి అటుంచితే, కొందరు పెరట్లో పాము కనిపించగానే వరిచేలో మిగిలిన గుళికలు చల్లుతున్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఫోరేటు గుళికలను 2020 చివరి నుంచి దేశంలో పూర్తిగా నిషేధించారు. పాత నిల్వలు ఇంట్లో ఉన్నా వాడకూడదు. కోళ్లు తిరిగే, పిల్లలు ఆడుకునే, నుయ్యి ఉన్న పెరట్లో అటువంటి విషం వేయడం ఏ పాము కన్నా ఎక్కువ ప్రమాదం.

లంక గన్నవరం వైపు:
మాస్టారు గుర్తులు బాగా చెప్పారు, కాని ఒక మాట నొక్కి చెప్పాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు మించి వరద నడిచినప్పుడు మా లంకల్లో అన్ని రకాల పాములూ ఇళ్లలోకి, అరుగుల మీదికి చేరాయి. అటువంటి సమయంలో సన్నగా నల్లగా ఉన్నదల్లా గుడ్డిపామే అని ధైర్యపడకూడదు. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, చాలాసార్లు నొప్పి ఉండదు, కాటు గుర్తు కూడా కనబడదు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, కడుపునొప్పి వంటివి కనిపిస్తే ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఉండే ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. గుడ్డతో బిగించి కట్టడం, కోయడం, నాటువైద్యం కోసం తిప్పడం వద్దు. కరచిన కాలు గాని చెయ్యి గాని కదలకుండా ఉంచితే చాలు. వానాకాలంలో దోమతెరను పరుపు కిందికి మడిచి పడుకోవడం మంచి రక్షణ.

ఆచంట కొబ్బరితోట:
ఇదే చర్చలో నా సందేహం కూడా అడుగుతున్నాను. పెంటకుప్ప తిరగేస్తుంటే బొటనవేలంత లావున తెల్లని పురుగులు, గోధుమరంగు తలతో, సున్నా సగం కోసినట్టు వంగి పడుకుని ఉన్నాయి. వీటిని కూడా మట్టికి మేలు చేసేవే అని వదిలేయవచ్చా?

పాలకొల్లు రైతు:
వదలకండి. కొబ్బరి తోట పక్కన పెంటకుప్పలో దొరికితే అది చాలావరకు కొమ్ము పురుగు పిల్లే. పిల్లపురుగుగా ఉన్నప్పుడు అది చెట్టు జోలికి రాదు, కుళ్లిన ఎరువు తిని పెరుగుతుంది. రెక్కలు వచ్చాక మొవ్వులోకి దూరి ముడిచిన ఆకును తొలుస్తుంది, ఆ ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కత్తిరించినట్టు కనిపిస్తుంది. కుప్పను తరచూ తిరగేసి పురుగులను ఏరండి. మెటారైజియం అనే శిలీంద్రాన్ని కుప్పలో కలిపితే పురుగులకు రోగం తగిలి చస్తాయి. కొబ్బరి మీద పనిచేసే ఉద్యాన పరిశోధన కేంద్రం అంబాజీపేటలో ఉంది, అక్కడ అడిగితే దాన్ని ఎంత, ఎలా కలపాలో చెబుతారు.

భీమవరం నుంచి:
పక్కింటి పెద్దాయన రెండు తలల పాము అన్నారని మొదట రాశారు కనుక చెబుతున్నాను. ఆ పేరు చెప్పి లక్షలు వస్తాయని ఊళ్లలో తిరిగే దళారులు ఉన్నారు. వారు వెతికేది వేరే పాము, లావుగా, మొద్దు తోకతో ఉండేది. దానికీ విషం లేదు, దానిలో ఏ మహత్తూ లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టినా అమ్మినా జైలుశిక్ష పడుతుంది. మీ సీసా ఫోటో ఊరి గ్రూపుల్లో ఆ పేరుతో తిరగకుండా చూసుకోండి.

ముమ్మిడివరం పెరడు:
అందరికీ కృతజ్ఞతలు. ఫోటోకు గుడ్డిపాము అని పేరు రాసి, విషం లేదని చేర్చి మా వీధివారికి చూపించాను. సాయంత్రం ఎండ తగ్గాక అరటి మొదళ్ల దగ్గర వదులుతాను. చివరిగా ఒక సందేహం. అదే గోతిలో చిన్న చిన్న తెల్లని గుడ్లు కొన్ని, పొడుగ్గా, మెత్తని పెంకుతో కనిపించాయి. వాటిని ఏమి చేయమంటారు?

రాజోలు మాస్టారు:
బల్లి గుడ్లు గుండ్రంగా, గట్టి పెంకుతో ఉంటాయి కనుక ఇవి అవి కావు. కట్లపాము గుడ్డు సుమారు 3 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. మీరు చూసినవి అంతకంటే బాగా చిన్నవైతే గుడ్డిపామువి గాని, నలికండ్లపామువి గాని అయి ఉండాలి, రెండూ హాని లేనివే. వాటిని ఎత్తి అటూ ఇటూ తిప్పవద్దు, తిరగబడితే లోపలి పిండం చనిపోవచ్చు. పైకి ఉన్న వైపు పైకే ఉండేలా ఉంచి, తీసిన మట్టినే వదులుగా కప్పి, ఆ మూల పిలకలు తవ్వడం వానలు తగ్గేవరకు ఆపండి.